తలకింతా? గంటకింతా? పనికింతా?

పోయిన నెల ఒక మీటింగులో కూర్చోవలసి వచ్చింది. మామూలుగా రేట్ల గురించి మాట్లాడుకునే మీటింగులకి నన్ను పిలవరు, పిలిచినా ఏదో వంక పెట్టి తప్పించుకుంటాను. ఈసారి కుదర్లేదు. మాది సగం సర్వీసెస్, సగం ప్రోడక్ట్ కంపెనీ. ఆ ప్రోడక్టులో కొత్తగా ఒక ఏఐ ఫీచర్ పెట్టాం. కస్టమర్ ఎక్కించిన ఇన్‌వాయిస్‌లూ ఒప్పందాలూ చదివి, రెండిట్లో తేడాలుంటే పట్టిస్తుంది. పని బాగానే చేస్తోంది. సేల్స్ ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"బాస్, ఒక యూజర్‌కి నెలకి మనకెంత ఖర్చవుతుంది?"

"చెప్పలేం" అన్నాను.

"పోనీ ఉజ్జాయింపుగా?"

"వాడేవాడిని బట్టి, వాడు పెట్టే కాగితాల సైజుని బట్టి ఉంటుంది. రెండు రూపాయలు కావచ్చు, రెండు వేలు కావచ్చు."

ఆయన కాసేపు నావంకే చూసి "ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను, సరుకు ఖరీదెంతో తెలీదనే ఇంజనీరుని ఇవాళే చూస్తున్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు లోపల గుచ్చుకుంది. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. నిజానికి ఆయనకి కూడా సరుకు ఖరీదు ఎప్పుడూ తెలీదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదంతే.

ఎందుకంటే మన సాఫ్ట్‌వేర్ వ్యాపారం నడిచిందే ఆ ధీమా మీద. ఒకసారి కోడ్ రాసేశాక పదకొండో కస్టమర్‌కి అమ్మినా, పదకొండు వేలో కస్టమర్‌కి అమ్మినా పైన పడే ఖర్చు దాదాపు శూన్యం. వందకి డెబ్బై, ఎనభై గ్రాస్ మార్జిన్ అంటే వేరే వ్యాపారాల వాళ్ళు కళ్ళు తేలేస్తారు, మనకి మాత్రం అది మామూలు సంగతి. మొదట్లో లైసెన్సు ఒకేసారి కొనిపించి, ఏటా దాని మీద ఇరవై చిల్లర శాతం మెయింటెనెన్స్ వసూలు చేసేవాళ్ళు. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ లాంటి వాళ్ళొచ్చి "అదంతా ఎందుకు, తలకి నెలకి ఇంత ఇవ్వండి" అన్నారు. అది అందరికీ నచ్చింది. కొనేవాడికి ఏడాది బడ్జెట్ ముందే తెలుస్తుంది, అమ్మేవాడికి ఏడాది ఆదాయం ముందే తెలుస్తుంది. ఇద్దరూ హాయిగా నిద్రపోతారు.

ఇది మన ఫుల్ మీల్స్ హోటల్ లెక్క. తలకి ఇంత అని టోకెన్ (పాత అర్థంలో టోకెన్ :-)) కొనుక్కుని కూర్చుంటే ఎంత కావాలంటే అంత వడ్డిస్తారు. నాలుగుసార్లు అన్నం పెట్టించుకునేవాడు ఒకడొస్తే, షుగరుందని ఒక గరిటెతో లేచిపోయేవాళ్ళు ముగ్గురొస్తారు. పైగా ఇంకో గరిటె అన్నానికి ఓనరుకి పడే ఖర్చు పెద్దగా లెక్కలోకి రాదు. అందుకే ఆ వ్యాపారం నడుస్తుంది.

ఏఐ వచ్చాక జరిగిందేంటంటే, బోర్డు అదే ఉంచి, లోపల అన్నానికి బదులు బిర్యానీ వడ్డించడం మొదలెట్టారు. ప్రతి గరిటెకీ ఖర్చుంది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఎక్కడో ఒక జీపీయూ వేడెక్కుతుంది, కరెంటు కాలుతుంది. పదకొండు వేలో కస్టమర్ మొదటి కస్టమర్ అంత ఖరీదే. బాగా వాడే కస్టమరే కంపెనీకి నష్టం తెచ్చే కస్టమర్. ఇదివరకు మనం ప్రోడక్ట్ బాగుందా లేదా అని చూడ్డానికి జనం రోజుకెంతసేపు వాడుతున్నారో కొలిచేవాళ్ళం కదా, ఆ గ్రాఫ్ పైకెళ్తే కేకు కోసేవాళ్ళం. ఇప్పుడు అదే గ్రాఫ్ పైకెళ్తే ఫైనాన్స్ వాళ్ళ నుంచి మెయిల్ వస్తుంది.

ఇది నా ఊహ కాదు. గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో నెలకి పది డాలర్లకి అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2023 అక్టోబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసినదాని ప్రకారం ఆ ఏడాది మొదటి నెలల్లో సగటున ఒక్కో యూజర్ మీద నెలకి ఇరవై డాలర్ల పైన నష్టం వచ్చిందిట, కొందరి మీదైతే ఎనభై డాలర్ల దాకా ఖర్చయిందిట. గిట్‌హబ్ పాత సీఈఓ అది నిజం కాదన్నాడు, అది వేరే సంగతి. ఇక ఓపెన్ఏఐ 2024 డిసెంబరులో నెలకి 200 డాలర్ల చాట్‌జీపీటీ ప్రో తెచ్చింది. నెల తిరిగేసరికి, 2025 జనవరిలో, సామ్ ఆల్ట్‌మన్ తనే రాశాడు, ప్రో చందాల మీద నష్టపోతున్నామని, అనుకున్నదానికంటే జనం ఎక్కువ వాడుతున్నారని. ఆ ధర తనే స్వయంగా నిర్ణయించాననీ, కాస్తో కూస్తో మిగులుతుందనుకున్నాననీ కూడా చెప్పాడు. అంత పెద్ద కంపెనీకి అధిపతి కూడా మా మీటింగులో నాలాగే అంచనా వేశాడన్నమాట. అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఫుల్ మీల్స్ బోర్డు పెట్టినవాళ్ళలో చాలామంది 2025లో ఏదో ఒక రకంగా వెనక్కి తగ్గారు. కోపైలట్ జూన్‌లో 'ప్రీమియం రిక్వెస్టు'లని లెక్క పెట్టడం మొదలెట్టింది, పది డాలర్ల ప్లానులో నెలకి 300, ఆపైన ఒక్కోదానికి నాలుగు సెంట్లు. కర్సర్ వాళ్ళు అదే జూన్‌లో నెలకి 500 రిక్వెస్టులన్న లెక్క తీసేసి, ఇరవై డాలర్ల విలువైన వాడకం అన్నారు. జనానికి అర్థం కాలేదు, అనుకోని ఛార్జీలు పడ్డాయి, గొడవైంది. జులై 4న క్షమాపణ చెప్పి డబ్బులు వెనక్కిస్తామన్నారు. ఆంత్రోపిక్ వాళ్ళు క్లాడ్ కోడ్‌కి వారం వారం పరిమితులు పెడుతున్నామని జులై చివర్లో ప్రకటించారు. 200 డాలర్ల ప్లానులో ఒకాయన వేల డాలర్లు కాదు, పదుల వేల డాలర్ల వాడకం చేశాడని వాళ్ళే చెప్పారు. నిద్రపోయేటప్పుడు కూడా ఏజెంట్లని నడిపిస్తే అవదా మరి! ఫుల్ మీల్స్ టోకెన్ కొని క్యారేజీలు తెచ్చుకున్నట్టు.

సరే, తలకింత కుదరదు, వాడినదానికి వాడినంత కట్టమందాం. మీటర్ పెడదాం. ఇంజనీరుగా నాకు మొదట్నుంచీ ఇదే న్యాయమనిపించేది. లోతుకి దిగి చూశాక మాత్రం ఆ అభిప్రాయం మారింది. ఎందుకో చెప్పడానికి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

తెనాలి దగ్గర మాకు కాస్త మాగాణి ఉంది. నా చిన్నప్పుడు వరికోతలకి ఎకరానికి ఇంత అని ముఠాతో గుత్తకి మాట్లాడుకునేవారు. ఎంతమంది వస్తారో, ఎన్నాళ్ళు కోస్తారో వాళ్ళ తలనొప్పి. చేను పడిపోయిందా, తడిగా ఉందా అన్నది ముందే చూసుకుని రేటు మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత కోత మిషన్లొచ్చాయి. మిషన్‌కి గంటకింత. చేను ఆరి ఉండి, పైరు నిలబడి ఉంటే టైర్ల మిషన్ చకచకా కోసేస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో తుఫాను వచ్చి చేను పడిపోయి బురద నిలిచిందనుకోండి, చైన్ మిషన్ కావాలి. దాని గంట రేటు ఎక్కువ. పైగా బురదలో నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి గంటలూ ఎక్కువే. అంటే పంట పోయిన ఏడాదే కోత ఖర్చు పెరుగుతుంది. మీటర్ అబద్ధం చెప్పదు, నిజమే. తుఫాను నష్టాన్ని మాత్రం మొత్తంగా రైతు మీదకి తోసేస్తుంది.

టోకెన్ల లెక్క అచ్చం ఇలాంటిదే. పని తేలికైతే టోకెన్లు తక్కువ. కోడ్ చెత్తగా ఉంటే, డాక్యుమెంటేషన్ లేకపోతే, మోడల్ దారి తప్పి వెనక్కొచ్చి మళ్ళీ మొదలెడితే, ఆ తప్పటడుగులకి కూడా మనమే కట్టాలి. దాని తప్పుకి బిల్లు మనకి! మనిషైతే "సార్, నిన్నంతా తప్పు ఫైల్లో వెతికానండీ" అని ఒప్పుకుంటాడు, మేనేజరు రెండు చీవాట్లు పెట్టి ఊరుకుంటాడు. ఇక్కడ ఆ నిన్నటి రోజు కూడా ఇన్‌వాయిస్‌లో ఉంటుంది.

దీంట్లో కంటికి కనపడని విషయాలు రెండున్నాయి. ఒకటి, 2024 సెప్టెంబరులో ఓపెన్ఏఐ ఓ1 మోడల్‌తో మొదలైన 'ఆలోచన' టోకెన్లు. జవాబు ఇచ్చేముందు మోడల్ తనలో తను ఆలోచించుకుంటుంది. ఆ ఆలోచన మొత్తం మనకి చూపించరు, బిల్లు మాత్రం జవాబు టోకెన్ల రేటుకే పడుతుంది. ఓ1 ప్రివ్యూకి అప్పుడది పది లక్షల టోకెన్లకి 60 డాలర్లు. కనపడని సరుకుని కాటా వేసి అమ్మడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

రెండోది ఏజెంట్ల సంభాషణ. మోడల్‌కి జ్ఞాపకం ఉండదు కదా, ప్రతి అడుగులోనూ అప్పటిదాకా జరిగిన భాగవతం మొత్తం మళ్ళీ పంపాలి. ఒక్కో అడుగుకి రెండు వేల టోకెన్లు కొత్తగా చేరుతున్నాయనుకోండి. ముప్ఫై అడుగులకి కొత్త సరుకు అరవై వేలే. కానీ పంపినదంతా కలిపితే రెండు వేలు, నాలుగు వేలు, ఆరు వేలు.. ఇలా కూడుకుంటూ పోతే 9 లక్షల 30 వేలు. చక్రవడ్డీ అంత కాకపోయినా దాని తమ్ముడి లాంటిది. అందుకే క్యాషింగ్ వచ్చింది. 2024 ఆగస్టులో ఆంత్రోపిక్ వాళ్ళు ముందే పంపిన భాగాన్ని మళ్ళీ చదవడానికి పదోవంతు రేటు పెట్టారు, అక్టోబరులో ఓపెన్ఏఐ వాళ్ళు సగం రేటు చేశారు. తొందరలేని పనులకి బ్యాచ్‌లో పంపితే సగం ధర. డీప్‌సీక్ వాళ్ళయితే 2025 ఫిబ్రవరి నుంచి కొన్నాళ్ళపాటు మన టైములో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా యాభై నుంచి డెబ్బై అయిదు శాతం తగ్గింపు ఇచ్చారు. అది చదివి నాకు ఎస్టీడీ బూతు ముందు పావు ఛార్జీ టైము కోసం చేతిలో చిల్లర పట్టుకుని నించున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ తగ్గింపు ఆ సెప్టెంబరుతో పోయిందిలెండి.

ఇవన్నీ తెలిసిన ఇంజనీరుంటే బిల్లు ఒకలా వస్తుంది, తెలియకపోతే పదింతలొస్తుంది. మా టీములో ఒక కుర్రాడు శుక్రవారం సాయంత్రం ఏజెంటుకి "టెస్టులన్నీ పాసయ్యేదాకా ఆపకు" అని చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. సోమవారం వచ్చి చూస్తే టెస్టులన్నీ పాస్. ఎలాగంటే, పాసవని టెస్టుల్లో చెక్ చేసే లైన్లు అది తీసేసింది. ఆ వారాంతానికి అయిన ఖర్చు మా టీముకి ఆ నెలకిచ్చిన బడ్జెట్ కంటే ఎక్కువ. కుర్రాడిని ఏమనగలం? వాడు చెప్పినపని అది చేసింది :-(

టోకెన్ అన్న కొలతలో ఇంకో అన్యాయం ఉంది, అది మనకి సంబంధించినది కాబట్టి కాస్త ఆగి చెప్తాను. టోకెన్ అంటే మాటా కాదు, అక్షరమూ కాదు. మోడల్ తయారుచేసేటప్పుడు ఎక్కువగా కనపడిన అక్షరాల గుంపులకి ఒక్కో నంబరు ఇస్తారు, అదీ టోకెన్. ఇంగ్లీషు ఎక్కువగా కనపడింది కాబట్టి ఇంగ్లీషు మాటలు చాలావరకు ఒక్కో టోకెన్లో ఇమిడిపోతాయి. తెలుగు తక్కువ కనపడింది కాబట్టి ముక్కలు ముక్కలవుతుంది. యూటీఎఫ్-8లో మన ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. 'క్షీ' అని రాస్తే మనకి ఒక్క అక్షరమే గానీ, లోపల కకారం, పొల్లు, షకారం, గుడిదీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. గుంపు దొరక్కపోతే టోకెనైజర్ బైట్ల దాకా దిగిపోతుంది.

2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్ఏఐ వాళ్ళే ఒక పట్టిక వేశారు. ఒకే చిన్న పేరాని వేరువేరు భాషల్లో రాసి, పాత పద్ధతిలో ఎన్ని టోకెన్లు, కొత్త పద్ధతిలో ఎన్ని అని. ఇంగ్లీషులో పాతవి 27, కొత్తవి 24. తెలుగులో పాతవి 159, కొత్తవి 45. గొప్ప మెరుగుదల అని చెప్పుకోడానికే ఆ పట్టిక వేశారు, మెరుగుదల నిజమే కూడా. నా కళ్ళు మాత్రం పాత అంకె దగ్గరే ఆగిపోయాయి. అంటే అప్పటిదాకా అదే సంగతి తెలుగులో అడిగినవాడు ఇంగ్లీషులో అడిగినవాడికంటే దాదాపు ఆరింతలు కట్టాడు. డబ్బొక్కటే కాదు, జీపీటీ-4 మొదటి రూపంలో ఒకసారికి పట్టేది ఎనిమిది వేల చిల్లర టోకెన్లే, అందులో తెలుగువాడికి ఆరోవంతు చోటే దొరికింది. జవాబు కూడా ఆరింతలు నెమ్మదిగా వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. రేట్ల పట్టికలో "తెలుగుకి ఆరు రెట్లు" అని ఎక్కడా రాయలేదు కూడా. కొలిచే మానికే అలా ఉంది.

కొత్త లెక్కలో చూసినా 24కి 45, అంటే రెండింతలకి దగ్గర. రేట్లు కూడా పడిపోయాయి కాబట్టి నొప్పి తెలియడం లేదంతే. 2023 మార్చిలో జీపీటీ-4కి పది లక్షల ఇన్‌పుట్ టోకెన్లు 30 డాలర్లు. 2024 మేలో 4ఓకి 5 డాలర్లు. టోకెన్లు తగ్గడం, రేటు తగ్గడం రెండూ కలిపి లెక్కేస్తే ఆ పేరా వరకు తెలుగు ఖర్చు ఇరవై ఒకటో వంతుకి దిగింది, ఇంగ్లీషు ఖర్చు ఏడో వంతుకి. కాబట్టి ఎవరైనా తెలుగులో ఏఐతో ఏదన్నా చేద్దామని 2023లో లెక్కలేసుకుని "లాభం లేదు" అని పక్కన పెట్టేసి ఉంటే, ఒకసారి మళ్ళీ లెక్కేసి చూడండి. టోకెనైజర్ మారిన ప్రతిసారీ చూడాలి. మీరు వాడే మోడల్లో మీ డేటా ముక్క ఒకటి పెట్టి ఎన్ని టోకెన్లవుతుందో చూడ్డానికి అయిదు నిమిషాలు పట్టదు. ఇది చూడకుండా ఇంగ్లీషు నమూనాతో అంచనా వేసి, రైతులకో పేషెంట్లకో తెలుగులో జవాబులిచ్చే సేవకి కొటేషన్ ఇచ్చేసినవాళ్ళు మునిగిపోతారు.

మరి ఫలితానికి ధర కడితే? పని జరిగితేనే డబ్బు. వినడానికి ఇంతకంటే ధర్మమైనది లేదు, మా ఊరి గుత్త లాంటిది. ఇంటర్‌కామ్ వాళ్ళు తమ ఫిన్ అనే బాట్‌కి ఒక సమస్య పరిష్కరిస్తే 99 సెంట్లు అన్నారు. పరిష్కారం అంటే ఏమిటని వాళ్ళ నిర్వచనం చూస్తే, కస్టమర్ సరేనని చెప్పినా పరిష్కారమే, ఇంకేమీ సాయం అడక్కుండా వెళ్ళిపోయినా పరిష్కారమే. బ్యాంకు బాట్‌తో అరగంట కుస్తీ పట్టి, విసుగొచ్చి ఫోన్ అవతల పారేసిన అనుభవం మీకు లేదూ? ఆ లెక్కలో మన సమస్య పరిష్కారమైపోయింది! వరికోతలో అయితే ఎకరం అన్నది గట్టుతో సహా కంటికి కనపడుతుంది. ఇక్కడ గట్టు ఎక్కడుందో అమ్మేవాడే గీస్తాడు.

సేల్స్‌ఫోర్స్ 2024లో ఏజెంట్‌ఫోర్స్‌కి సంభాషణకి రెండు డాలర్లని మొదలెట్టి, 2025 మేలో ఒక్కో చర్యకి పది సెంట్లయ్యేలా క్రెడిట్ల పద్ధతి కూడా తెచ్చింది. తలకింత అన్న లెక్కని ప్రపంచానికి నేర్పినవాళ్ళే అప్పుడు అది కాక వేరేది వెతుక్కున్నారంటే కారణం సులువే. బాట్ బాగా పనిచేస్తే కస్టమర్ ఆఫీసులో తలలు తగ్గుతాయి. తలలు తగ్గితే తలకింత అని వచ్చే డబ్బు తగ్గుతుంది. సరుకు ఎంత బాగుంటే ఆదాయం అంత పడిపోయే వ్యాపారం ఎవడు చేస్తాడు?

ఈ తలనొప్పంతా వద్దనుకున్న పెద్ద కంపెనీలకి ఇంకో దారుంది. విడిగా అమ్మడం మానేసి అందరికీ అంటగట్టి అందరి దగ్గరా కొంచెం పెంచడం. గూగుల్ 2025 జనవరిలో వర్క్‌స్పేస్‌లో జెమినైని కలిపేసి, బిజినెస్ స్టాండర్డ్‌ని 12 డాలర్ల నుంచి 14 చేసింది. మైక్రోసాఫ్ట్ ఇళ్ళలో వాడే 365కి కోపైలట్ కలిపి ధర పెంచింది. ఆస్ట్రేలియాలో అది 109 డాలర్ల నుంచి 159 అయింది, వాళ్ళ డాలర్లలో. కోపైలట్ లేకుండా పాత ధరకే కొనసాగే క్లాసిక్ ప్లాన్ ఉందన్న సంగతి సరిగ్గా చెప్పలేదంటూ అక్కడి వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. దాదాపు 27 లక్షలమంది కస్టమర్ల విషయమిది. మైక్రోసాఫ్ట్ నవంబరులో క్షమాపణ చెప్పి, డబ్బు వెనక్కిస్తామంది. చందా రద్దు చేయబోతేగానీ ఆ పాత ప్లాన్ కనపడేది కాదన్నది కమిషన్ ఆరోపణ. మన కేబుల్ వాళ్ళు ఈ విద్యలో ఎప్పుడో పండిపోయారు.

ఇండియాలో మరీ ఉదారం. 2025లో చాట్‌జీపీటీ గో 399 రూపాయలకి వచ్చి, నవంబరుకల్లా ఏడాదిపాటు ఉచితం అయింది. ఆ ఏడాదే ఎయిర్‌టెల్‌తో పర్‌ప్లెక్సిటీ, జియోతో 18 నెలలు జెమినై కూడా ఉచితంగా ఇచ్చారు. 2016లో జియో ఉచితంగా ఇచ్చి అలవాటు చేసినట్టే ఇదీ అంటున్నారు చాలామంది. నాకు అలా అనిపించదు. జియోకి టవర్లు ఒకసారి నిలబెట్టాక ఇంకో జీబీకి పడే ఖర్చు చాలా తక్కువ. ఇక్కడ గరిటె గరిటెకీ ఖర్చని పైనే చెప్పుకున్నాం. కాబట్టి ఈ ఉచితం ముగిసినప్పుడు జియోలాగా వందల్లో ఆగుతుందనుకుని ఎవరైనా దీని మీద తమ చిన్న వ్యాపారాన్ని కట్టుకుంటే జాగ్రత్త. మన వీధి చివర జిరాక్స్ షాపు వాళ్ళు కూడా అర్జీలు దీంతోనే రాస్తున్నారు మరి.

ఇక అసలు నొప్పికొస్తాను. ఇదంతా ప్రోడక్ట్ కంపెనీల గొడవ, మనకేంటి అనుకునేవాళ్ళు మనలో ఎక్కువ. హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాస్‌లో ఉన్న తెలుగు ఐటీ జనంలో నూటికి ఎంతమంది టైమ్‌షీట్ నింపడం లేదు చెప్పండి? మన సర్వీసెస్ పరిశ్రమ మొత్తం తలకింత, గంటకింత మీద కట్టిన ఇల్లు. మనమే ఆ సీటు. మన గంటే ఆ టోకెన్.

మా సర్వీసెస్ వైపు ఒక ప్రాజెక్టు పోయినేడాది రెన్యూవల్‌కి వచ్చింది. క్లయింట్ పేరు అనవసరం. వాళ్ళడిగింది సూటిగా ఉంది. "మీవాళ్ళంతా ఇప్పుడు ఏఐ టూల్స్ వాడుతున్నారు కదా, పని తొందరగా అవుతోంది కదా, అయితే గంటలు తగ్గించండి." తప్పేముంది అందులో? మావాళ్ళు ఒప్పుకున్నారు. పధ్నాలుగుమంది టీము పదకొండయింది. ఆ ముగ్గురూ ఆర్నెల్లు బెంచి మీద కూర్చుని, ఇద్దరు వేరే ప్రాజెక్టులకెళ్ళారు, ఒకమ్మాయి మానేసింది. ఇక టూల్ ఖర్చు? అది క్లయింట్ ఇవ్వలేదు. "మీ ఉద్యోగుల లాప్‌టాప్‌కి మేం ఇస్తున్నామా? ఇదీ అంతే" అన్నారు. అంటే టూల్ బిల్లు మాది, దానివల్ల మిగిలిన గంటలు వాళ్ళవి. బురద చేను మాది, పంట వాళ్ళది.

అప్పట్నుంచి ఆ టీములో ఓ వింత మొదలైంది. ఏఐతో గంటలో అయిపోయే పనిని ఎవరూ గంటలో అయిందని చెప్పడం లేదు. చెప్తే వచ్చే రెన్యూవల్‌లో ఇంకో ఇద్దరు. సీనియర్లే జూనియర్లకి చెప్తున్నారు, "నువ్వు తొందరగా చెయ్యి, కానీ తొందరగా చేశానని చెప్పకు". నాకు తెలిసి వాళ్ళంతా నిజాయితీపరులే. టైమ్‌షీట్ అలా రాయిస్తోంది. టూల్ లైసెన్సు కొన్నాం, ట్రైనింగులిచ్చాం, సర్టిఫికెట్లు పంచాం, ఫలితం ఎక్కడా లెక్కలో కనపడకుండా టీములోనే ఇంకిపోతోంది. మేనేజ్‌మెంటేమో ఏఐ వాడకం తక్కువగా ఉందని ఇంకో ట్రైనింగు పెడుతోంది :-)

నేనైతే ఈ ప్రాజెక్టుని గంటల్లోంచి తీసి పనికింత అన్న లెక్కలోకి మార్చమని పోరుతున్నాను. ఇన్ని రిపోర్టులు మార్చాలి, ఇన్ని ఇంటర్‌ఫేసులు రాయాలి, ఒక్కోదానికి ఇంత. అప్పుడు తొందరగా చేసిన లాభం చేసినవాళ్ళకి మిగులుతుంది, టోకెన్ బిల్లు తగ్గించే బుద్ధి కూడా వాళ్ళకే పుడుతుంది. దీంట్లో ప్రమాదం లేదని కాదు. పని ఎంతుందో ముందే చూసుకోకుండా ఒప్పుకుంటే మునుగుతాం. రిక్వైర్‌మెంట్లు మధ్యలో మారితే ఎవరు కట్టాలన్నది రాతలో ఉండాలి. మోడల్ రేటు మారితే ఎవరిది, ఎంత దాటితే మళ్ళీ మాట్లాడుకోవాలి అన్నది కూడా రాయించాలి. మా డెలివరీ హెడ్ "ఫిక్స్‌డ్ బిడ్‌లో చేతులు కాల్చుకున్నది చాలదా" అంటున్నాడు. ఆయన కాల్చుకున్నది నిజమే, 2000ల్లో నేనూ ఆ టీములోనే ఉన్నాను, శని ఆదివారాలు లేకుండా తొమ్మిది నెలలు. కానీ అప్పుడు గంటలు బిల్లు చేసుకునే దారి అంటూ ఒకటి మిగిలి ఉంది. ఇప్పుడు ఆ దారి ఏడాదికి ముగ్గురి చొప్పున కుదించుకుపోతోంది.

మొదట చెప్పిన మీటింగు సంగతి మర్చిపోయాను. మా ఇన్‌వాయిస్ ఫీచర్‌కి చివరికి పేజీకింత అని పెట్టాం. నెలకి కొన్ని పేజీలు తలకింతలోనే కలిపి, ఆపైన స్లాబులు, కరెంటు బిల్లులాగా. స్కాన్ చేసిన కాగితాలకి వేరే రేటు, వాటికి టోకెన్లు ఎక్కువవుతాయి కాబట్టి. టోకెన్ అన్న మాట కస్టమర్‌కి ఎక్కడా కనపడదు, పేజీ అంటే ఏంటో వాళ్ళ గుమాస్తాకి కూడా తెలుసు. చదవలేకపోయిన పేజీకి డబ్బు తీసుకోకూడదని నేను పట్టుబట్టాను. సేల్స్ ఆయన "అదెందుకు బాస్, ఖర్చయితే అయింది కదా" అన్నాడు. ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. మూడు నెలలు చూసి మళ్ళీ కూర్చుందామనుకున్నాం.

సర్వీసెస్ రెన్యూవల్ మాత్రం మార్చిలో ఉంది, ఇంకా గంటల మీదే నడుస్తోంది. మీ ప్రాజెక్టుల్లో ఈ టూల్ బిల్లు ఎవరి ఖాతాలో పడుతోంది? క్లయింట్ చేత కట్టించినవాళ్ళెవరైనా ఉంటే ఒప్పందంలో ఏ మాట రాయించారో చెప్పండి, మా డెలివరీ హెడ్‌కి చూపించాలి.